1993 దాకా నేరం, 2015లో పెళ్లి: కతోలిక ఐర్లండ్‌లో జరిగింది ఏమిటి?

పాత పటాలు (శుక్రవారం రాత్రి 9:10)

లియో వరాద్కర్ 2017లో ఐర్లండ్ ప్రధాని అయినప్పుడు మన దగ్గర ఎక్కువగా వినిపించిన మాట ఆయన తండ్రి మహారాష్ట్ర నుంచి వెళ్లిన డాక్టరని. ఆయన గే అన్న సంగతిని వార్త చివర్లో ఒక వాక్యంలో తేల్చేశారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ వాక్యమే.

1979లో పోపు రెండవ జాన్ పాల్ డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కులో పూజ చేస్తే పది లక్షల మందికి పైగా వచ్చారు. అప్పటి దేశ జనాభా 34 లక్షలకు అటూఇటూ. విడాకులకు 1995 దాకా రాజ్యాంగం ఒప్పుకోలేదు. మగవాళ్ల మధ్య లైంగిక సంబంధం 1993 దాకా నేరం. అదే దేశం 2015 మే 22న స్వలింగ వివాహంపై ఓటు వేసి, 62 శాతంతో ఔనంది. ప్రజలందరి ఓటుతో ఆ పని చేసిన మొదటి దేశం అదే.

"ఐరోపాలో కలిశారు, డబ్బు వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది, మారిపోయారు" అన్న వివరణ నాకు మింగుడుపడటం లేదు. డబ్బూ ఇంటర్నెట్టూ మనకూ వచ్చాయి. విషయం తెలిసినవారు కాస్త వెనక నుంచి చెప్పుకు రాగలరా?

మాచర్ల మాస్టారు (శుక్రవారం రాత్రి 10:25)

వెనక అంటే 1634 దాకా వెళ్లాలి. ఆ ఏడాది డబ్లిన్‌లోని పార్లమెంటు, అంతకు వందేళ్ల ముందు ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ తెచ్చిన చట్టాన్ని అనుసరించి, మగవాళ్ల మధ్య లైంగిక సంబంధానికి ఉరిశిక్ష విధించింది. 1640లో ఆ చట్టం కింద ఉరికంబం ఎక్కినవాడు ఎవరో తెలుసా? జాన్ ఆథర్టన్ అనే బిషప్పు. కతోలిక బిషప్పు కాదు, ఇంగ్లండు రాజు చర్చికి చెందిన ప్రొటెస్టెంటు. కాబట్టి శిక్షాస్మృతిలో దీన్ని మొదట రాసింది రోము కాదు. 1861 చట్టం ఉరిశిక్షను రద్దు చేసి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. 1885లో మరో సెక్షన్ చేరి, ఏ 'అసభ్య చర్య' అయినా రెండేళ్ల జైలు అంది. రెండూ లండన్‌లో చేసినవే. మన 377వ సెక్షన్ పుట్టింది 1860లో. ఒకే కొలిమి.

ఇక మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే సంగతి. 1884లో విలియం ఓబ్రయన్ అనే జాతీయవాది తన పత్రికలో, డబ్లిన్ కోట నుంచి నడిచే బ్రిటిష్ పాలనలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు మగవాళ్లతో సంబంధాలున్నాయని బయటపెట్టాడు. వారిలో తపాలా శాఖ కార్యదర్శి ఉన్నాడు, పోలీసు డిటెక్టివ్ విభాగపు అధికారి ఉన్నాడు. తపాలా కార్యదర్శి పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు. జాతీయోద్యమం ఈ గొడవను బాగా వాడుకుంది. ఇది దొరల జబ్బు, మన మట్టిలో పుట్టదు అన్న నమ్మకం అప్పుడే పాతుకుంది.

పదకొండేళ్లకు, 1895లో, డబ్లిన్‌లో పుట్టిన ఆస్కార్ వైల్డ్‌కు లండన్ కోర్టు రెండేళ్ల కఠిన శిక్ష వేసింది. 1916లో రోజర్ కేస్‌మెంట్. కాంగోలో రబ్బరు కోసం జరిగిన ఘోరాలను ప్రపంచానికి చెప్పి, తర్వాత ఐర్లండ్ తిరుగుబాటుకు జర్మనీ నుంచి ఆయుధాలు తేబోయి పట్టుబడ్డాడు. ఆయనకు క్షమాభిక్ష పెట్టమని పెద్దలు అడుగుతుంటే బ్రిటిష్ ప్రభుత్వం ఆయన డైరీల పేజీలను చాటుగా చూపించింది. అందులో మగవాళ్లతో గడిపిన రాత్రుల లెక్కలున్నాయి. అడిగేవాళ్లు చల్లబడ్డారు, ఆగస్టు 3న ఉరి తీశారు. ఆ డైరీలు దొంగవని ఐర్లండులో దశాబ్దాల పాటు వాదించారు. 2002లో చేతిరాత నిపుణులు పరీక్షించి ఆయనవేనని తేల్చినా వాదన పూర్తిగా చావలేదు. దేశం కోసం ప్రాణమిచ్చినవాడు ఇలాంటివాడు కాకూడదన్న పట్టుదల అది.

నల్లమల (శుక్రవారం రాత్రి 10:52)

అంతా తెల్లదొర పాపమేనా మాస్టారూ? 1922లో స్వతంత్రం వచ్చింది. చట్టం పోయింది 1993లో. ఆ 71 ఏళ్లు దాన్ని నడిపించింది ఎవరు? ఇంగ్లండు, వేల్సు 1967లోనే సడలించాయి. దొర రాసిన చట్టాన్ని దొర కంటే భద్రంగా దాచుకున్నవాళ్లకు చరిత్ర పేరుతో సాకు వెతకకండి.

మాచర్ల మాస్టారు (శుక్రవారం రాత్రి 11:05)

సాకు కాదు నాయనా, మూలం అడిగితే మూలం చెప్పాను. మిగతాది ప్లీడరు గుమస్తా గారు చెబుతారు, ఆయనకు కోర్టు కథలంటే ప్రాణం.

ప్లీడరు గుమస్తా (శనివారం ఉదయం 7:30)

పిలిచారు కాబట్టి వచ్చాను.

1937లో అప్పటి ప్రభుత్వాధినేత డి వలేరా తెచ్చిన రాజ్యాంగం కతోలిక చర్చికి 'ప్రత్యేక స్థానం' ఉందని రాసింది. 1972లో ప్రజలు ఓటు వేసి ఆ మాట తీసేశారు. కానీ రాజ్యాంగం పీఠికలో పవిత్ర త్రిత్వం ఉంది, అది నేటికీ ఉంది. పాత బ్రిటిష్ చట్టాలు రాజ్యాంగానికి విరుద్ధం కానంత వరకు కొనసాగుతాయన్న ఏర్పాటు కూడా ఉంది. 1861 చట్టం ఆ ద్వారంలోంచే లోపలికి వచ్చి కూర్చుంది. అలంకారంగా కాదు. 1962 నుంచి 1972 వరకు పదేళ్లలో దీని కింద 455 మందికి శిక్షలు పడ్డాయని 2018లో వరాద్కర్ పార్లమెంటులో చెప్పారు.

డేవిడ్ నోరిస్ డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే అధ్యాపకుడు. ఆయనపై ఏ కేసూ లేదు. ఈ చట్టం ఉండటమే నన్ను నేరస్థుణ్ని చేస్తోందని తానే కోర్టుకెక్కాడు. 1980లో హైకోర్టు కొట్టేసింది. 1983 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరు తేడాతో కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి ఓహిగిన్స్ తీర్పు చదివితే చట్టం చదువుతున్నామా, బిషప్పుల లేఖ చదువుతున్నామా అనిపిస్తుంది: ఈ రాజ్యం క్రైస్తవ స్వభావం కలది, శతాబ్దాలుగా క్రైస్తవం దీన్ని పాపమంది, వివాహ వ్యవస్థకు ఇది హాని, కాబట్టి చట్టం నిలుస్తుంది. విభేదించిన ఇద్దరిలో జస్టిస్ హెంచీ, పౌరుడి వ్యక్తిగత జీవితం రాజ్యానిది కాదన్నారు. వాదన ఆయన వైపు బలంగా ఉంది, సంఖ్య అవతలి వైపు ఉంది.

నోరిస్ స్ట్రాస్‌బర్గ్ వెళ్లాడు. అక్కడ ఆయన తరఫున నిలిచిన న్యాయవాది మేరీ రాబిన్సన్, రెండేళ్ల తర్వాత ఆ దేశ అధ్యక్షురాలయ్యారు. 1988 అక్టోబరులో ఐరోపా మానవ హక్కుల కోర్టు 8–6 తేడాతో నోరిస్ పక్షాన తీర్పిచ్చింది. మీపై కేసే పెట్టలేదు కదా, మీరెలా బాధితులు అని ఐర్లండ్ ప్రభుత్వం వాదించింది. చట్టాన్ని పాటించి తనను తాను అణచుకోవాలి, లేదా మీరి ఎప్పుడైనా అరెస్టు కావాలి, ఇంతకంటే బాధ ఏముంటుందని కోర్టు అంది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గినా సగం సగమే. అంత సన్నని దారి.

వానకోయిల (శనివారం ఉదయం 8:45)

ఇంతవరకు అందరూ మగవాళ్ల కథే చెప్పారు. చట్టం కూడా అంతే, ఆడవాళ్ల ఊసెత్తలేదు. అది దయ కాదు, అలాంటిది ఉంటుందని ఊహించకపోవడం.

1916 తిరుగుబాటు చివరి రోజున తెల్లజెండా పట్టుకుని బ్రిటిష్ సైన్యం దగ్గరకు నడిచి వెళ్లింది ఎలిజబెత్ ఓఫారెల్ అనే నర్సు. లొంగుబాటు ఫొటోలో తిరుగుబాటు నాయకుడు పియర్స్ పక్కన ఆమె ఉంది, కానీ ఆయన అవతల నిలబడటం వల్ల ఆమె పాదాలు, గౌను అంచు మాత్రమే కనబడతాయి. తర్వాత అచ్చు వేసిన కొన్ని ప్రతుల్లో ఆ పాదాలను కూడా చెరిపేశారు. ఆమె జీవితమంతా కలిసి ఉన్న జూలియా గ్రెనన్, ఆమె ఇద్దరూ గ్లాస్‌నెవిన్ శ్మశానంలో ఒకే సమాధిలో ఉన్నారు. అదే తిరుగుబాటులో పాల్గొన్న డాక్టర్ క్యాథ్లీన్ లిన్, మాడ్లిన్ ఫ్రెంచ్-మలెన్ కలిసి 1919లో పేద పసిపిల్లల కోసం సెయింట్ అల్టన్స్ ఆసుపత్రి పెట్టారు. 1944లో మాడ్లిన్ పోయేదాకా ఒకే ఇంట్లో బతికారు. వీరిని ఏ పేరుతో పిలవాలన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఒక మగాడూ ఆడదీ ముప్ఫై ఏళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఎవరూ అంత వాదించరు!

మాచర్ల మాస్టారు (శనివారం ఉదయం 9:20)

అమ్మా, నువ్వు చెప్పినదానికి జోడు ఒకటి చెబుతాను. 1928లో డబ్లిన్‌లో గేట్ థియేటర్ పెట్టినవారు హిల్టన్ ఎడ్వర్డ్స్, మీహాల్ మక్‌లీమోర్. ఇద్దరూ జంటగా బతికారు, నగరమంతటికీ తెలుసు. మక్‌లీమోర్ మొహానికి రంగు, తలకు విగ్గుతో పట్టపగలే వీధిలో నడిచేవాడు. వైల్డ్ జీవితం మీద ఆయన ఒక్కడే నటించిన ప్రదర్శనకు ఎంతో పేరు వచ్చింది. 1973లో డబ్లిన్ నగరం ఇద్దరికీ గౌరవ పౌరసత్వం ఇచ్చింది, చట్టం ప్రకారం ఇద్దరూ జైల్లో ఉండాల్సినవాళ్లే. 1978లో మక్‌లీమోర్ అంత్యక్రియలకు దేశాధ్యక్షుడే వచ్చాడు.

తమాషా ఇంకొకటి. తాను ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టానని చెప్పుకున్న ఆయన అసలు లండన్‌లో పుట్టిన ఆల్ఫ్రెడ్ విల్మోర్. అంటే దేశానికి ఆయన చెప్పిన అబద్ధం తన జాతి గురించి, తన ప్రేమ గురించి కాదు.

నల్లమల (శనివారం ఉదయం 9:41)

పేరున్నవాడికి కోట, పేరులేనివాడికి కోర్టు. దీన్ని ఉదారత అనకండి.

గుణదల కొండ (శనివారం మధ్యాహ్నం 1:15)

నేను కతోలికుణ్ని. ఈ చర్చలో నేను రాయకపోతే బాగుండదు, రాస్తే ఇబ్బంది. అయినా రాస్తాను.

మన దగ్గర మేము కొద్దిమందిమి. ఫాదర్ గారి మాటకు ఇంట్లో విలువ ఉంటుంది, వీధి దాటితే ఉండదు. ఐర్లండులో వీధి దాటినా చర్చే. ప్రాథమిక పాఠశాలల్లో నూటికి 90 వరకు కతోలిక చర్చి పోషణలో ఉన్నవే. చాలా ఆసుపత్రులు కన్యస్త్రీలు నడిపినవే. జీతం ప్రభుత్వం ఇచ్చేది, నియామకం విచారణ గురువు (ఆ ఊరి ఫాదర్) చేతిలో ఉండేది. పోలీసు ఎప్పుడో ఒకసారి తలుపు తడతాడు, హెడ్మాస్టరు రోజూ ఎదురుపడతాడు. అందుకే అక్కడ గే టీచర్లను అణచింది 1861 చట్టం కంటే ఉద్యోగ భయం. 1982లో న్యూరాస్ అనే ఊళ్లో ఒక ఉపాధ్యాయిని, భార్య నుంచి విడిపోయిన మగవాడితో ఉంటోందని కాన్వెంటు స్కూలు ఆమెను తీసేసింది, 1985లో హైకోర్టు స్కూలునే సమర్థించింది. మగవాడితో ఉన్నదాని గతే అది. చూస్తున్న మిగతావాళ్లకు ఇంకేమి చెప్పాలి?

1998లో వచ్చిన ఉద్యోగ సమానత్వ చట్టం లైంగికత ఆధారంగా వివక్ష వద్దంటూనే, 37వ సెక్షన్‌లో మత సంస్థలకు తమ 'స్వభావాన్ని' కాపాడుకునే హక్కు మిగిల్చింది. దాన్ని సవరించింది 2015 డిసెంబరులో. గమనించండి, పెళ్లి హక్కుకు ఓటు పడిన ఏడు నెలల తర్వాత. శనివారం ప్రియురాలిని పెళ్లి చేసుకున్న టీచరు సోమవారం స్కూల్లో ఆ మాట చెప్పడానికి భయపడాల్సిన కాలం కొన్ని వారాలు నిజంగానే ఉంది.

లిఫీ ఒడ్డు (శనివారం మధ్యాహ్నం 12:20, డబ్లిన్ సమయం)

చాలాకాలంగా డబ్లిన్‌లో ఉద్యోగం. నేను ఎక్కే బస్సు ఫెయిర్‌వ్యూ పార్కు పక్కగా పోతుంది. పెద్ద చెట్లు, ఆట మైదానం, ఆదివారం పిల్లలు. చరిత్ర తెలియనంత కాలం అందమైన పార్కే.

1982 సెప్టెంబరులో ఒక రాత్రి డెక్లన్ ఫ్లిన్ అనే 31 ఏళ్ల విమానాశ్రయ ఉద్యోగిని అక్కడ ఐదుగురు కుర్రాళ్లు తరిమి, కొట్టి చంపారు. వారిలో ఒకడికి పద్నాలుగేళ్లు. గే మగవాళ్లను ఏరి కొట్టడం ఆ వేసవిలో వాళ్లకు అలవాటు. 1983 మార్చిలో హత్య కాని మరణం కింద నేరం రుజువైంది, అందరికీ శిక్ష అమలు నిలిపివేసి ఇంటికి పంపారు. దీన్ని హత్యగా చూడలేమని న్యాయమూర్తి అన్నారు.

దాంతో కొన్ని వందల మంది నగరం నడిబొడ్డు నుంచి ఫెయిర్‌వ్యూ దాకా నడిచారు. గే సంఘాలవాళ్లే కాదు, కార్మిక సంఘాలవాళ్లు, స్త్రీల సంఘాలవాళ్లు కూడా. 1974లో న్యాయశాఖ ముందు తొలి ప్రదర్శనకు వచ్చింది పదిమంది ఉంటారేమో. అదే 1983 జూన్‌లో ప్రైడ్ ఊరేగింపు జరిగింది. ఆ రెంటి మధ్యలో ఏప్రిల్‌లో గుమస్తా గారు చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు. సెప్టెంబరులో గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించిన ఓటు. ఒక్క ఏడాదిలో ఇవన్నీ! ఆ ఏడాది ఇక్కడ గేగా బతికినవాళ్లలో ఎందరో లండన్ పడవ ఎక్కారు. ఐర్లండ్ వలస చరిత్రలో ఆకలి, ఉద్యోగం అని రాస్తారు, ఈ కారణం రాయరు.

వెళ్లనివాళ్లకు ఒక చోటు ఉండేది. టెంపుల్ బార్‌లో ఫౌన్స్ వీధి 10వ నంబరు, హిర్ష్‌ఫెల్డ్ సెంటర్. 1979లో సరిగ్గా సెయింట్ పాట్రిక్ పండుగ రోజున తెరిచారు. కింద కాఫీ, శని ఆదివారాల్లో నాట్యం, ఫోనులో సలహా. 1987లో కాలిపోయింది.

నిర్వాహకుడు (శనివారం రాత్రి 8:00)

ఒక సభ్యుడి వ్యాఖ్యను తొలగించాను. హత్యకు గురైన మనిషి గురించి "రాత్రిపూట పార్కులో పనేమిటి" అని రాయడం చర్చ కాదు. మతం మీద, చట్టం మీద ఎంత ఘాటుగానైనా వాదించుకోండి.

పాత పటాలు (శనివారం రాత్రి 8:35)

లిఫీ ఒడ్డు గారి వ్యాఖ్య చదివాక 1983 నుంచి పదేళ్లలో చట్టం ఎలా పోయిందో ఇంకా వింతగా ఉంది. స్ట్రాస్‌బర్గ్ తీర్పు ఒక్కటే చాలిందా?

ప్లీడరు గుమస్తా (శనివారం రాత్రి 9:15)

చాలలేదు. 1988లో తీర్పు వస్తే 1993 దాకా ఫైలు కదల్లేదు. ఈ మధ్యలో ఒక విడ్డూరం: 1989లో ద్వేష ప్రచార నిషేధ చట్టం తెచ్చి, స్వలింగ సంపర్కులపై ద్వేషం రెచ్చగొట్టడం నేరమన్నారు. అంటే వాళ్లను తిడితే నేరం, వాళ్లు ప్రేమించుకుంటే ఇంకా పెద్ద నేరం.

1992 డిసెంబరులో అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ గే, లెస్బియన్ సంఘాలవాళ్లను అధ్యక్ష భవనానికి ఆహ్వానించారు. 1993లో న్యాయశాఖ మంత్రిగా మోయ్‌ర గేగన్-క్విన్ వచ్చారు. పశ్చిమాన గాల్వే నియోజకవర్గం, సంప్రదాయ పార్టీ, ఇద్దరు కొడుకుల తల్లి. సంస్కరణ కోరేవారు ఆమె దగ్గరకు న్యాయవాదులతో పాటు ఫిల్ మూర్ అనే తల్లిని తీసుకెళ్లారు. ఆమె కొడుకు గే. చట్టం తన ఇంట్లో ఏమి చేసిందో ఆ తల్లి చెప్పింది. ఆ సమావేశం తనపై బాగా పనిచేసిందని మంత్రి తర్వాత చెప్పారు.

బ్రిటన్‌లో అప్పటికి గే మగవాళ్లకు సమ్మతి వయసు 21, మిగతావారికి 16. ఐర్లండులోనూ అలాంటి తేడా పెడతారనుకున్నారు. ఈమె పెట్టలేదు. అందరికీ 17. దిగువ సభలో జూన్ 24న ఓటింగు కూడా లేకుండా బిల్లు గట్టెక్కింది. ఒకప్పుడు తమకు ఈ చట్టాన్ని అంటగట్టిన దేశం కంటే ఐర్లండ్ ఆ రోజున ఒక మెట్టు పైన నిలబడింది.

నల్లమల (శనివారం రాత్రి 9:50)

తల్లి కన్నీటితో చట్టం మారిందంటే కథ బాగుంటుంది. అసలు కారణం చెప్పండి. 1992లో గాల్వే బిషప్ కేసీకి ఒక కొడుకున్నాడని బయటపడింది. 1994లో బ్రెండన్ స్మిత్ అనే చర్చి ఫాదర్ దశాబ్దాల పాటు పిల్లలపై చేసిన అత్యాచారాలు బయటపడ్డాయి. 2009లో చర్చి నీడలో పిల్లలపై జరిగిన అకృత్యాల మీద రయన్ నివేదిక, మర్ఫీ నివేదిక. పిల్లల్ని పాడు చేసినవాళ్లను ఒక పరగణా నుంచి ఇంకో పరగణాకు మార్చి దాచిన చర్చి, ఇద్దరు పెద్దల ప్రేమను పాపమంటే ఎవరు వింటారు? చర్చి తన గొయ్యి తానే తవ్వుకుంది. అంతే.

గుణదల కొండ (ఆదివారం మధ్యాహ్నం 12:40)

పూజ ముగించుకుని వచ్చి రాస్తున్నాను. నల్లమల గారు చెప్పిన ప్రతి సంగతీ నిజం. అవి చదివి సిగ్గుతో తల దించుకున్న కతోలికుల్లో నేనూ ఉన్నాను. కానీ "అంతే" అన్నారే, అక్కడ ఒప్పుకోను.

విశ్వాసం పోయి ఓటు వేసినవాళ్లు ఉన్నారు, సరే. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 84 మంది తాము కతోలికులమనే రాసుకున్నారు. నాలుగేళ్లకు 62 శాతం ఔనన్నారు. లెక్క చూడండి, కతోలికులు పెద్ద సంఖ్యలో వేయకపోతే అంత రాదు. 2015 జనవరిలో డబ్లిన్‌లో ఒక విచారణ గురువు పూజలోనే తాను గేనని చెబితే విశ్వాసులు లేచి చప్పట్లు కొట్టారు. మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ భక్తురాలు, చర్చి చట్టం చదువుకున్న మనిషి. ఆమె కొడుకు గే. ఆమె ఔను వైపు ప్రచారం చేశారు. వీళ్లెవరూ చర్చిని వదిలి రాలేదు. బిషప్పుల మాట వినకపోవడానికీ దేవుణ్ని వదిలేయడానికీ మధ్య చాలా పెద్ద స్థలం ఉంది, మాలో చాలామంది బతికేది ఆ స్థలంలోనే.

లిఫీ ఒడ్డు (ఆదివారం మధ్యాహ్నం 12:50, డబ్లిన్ సమయం)

2015 నేను కళ్లారా చూశాను కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు ఒక ఏర్పాటు గురించి. 2012 చివర్లో రాజ్యాంగ సమావేశం మొదలైంది. చీటీ తీసినట్టు ఎంపిక చేసిన 66 మంది మామూలు పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు. శని ఆదివారాలు ఒక హోటల్లో కూర్చుని రెండు వైపుల వాళ్లనూ విని, 79 శాతం మంది స్వలింగ వివాహానికి సరేనన్నారు. అప్పటికే 2011 నుంచి పౌర భాగస్వామ్యం నమోదు చేసుకునే వీలుంది. పెళ్లి మాత్రం రాజ్యాంగానికి ముడిపడింది కాబట్టి ఓటు తప్పలేదు.

2014 జనవరిలో ప్యాంటీ బ్లిస్ గొడవ. ప్యాంటీ అంటే రోరీ ఓనీల్ అనే కళాకారుడు ఆడవేషంలో ధరించే పాత్ర. టీవీలో ఆయన కొందరు పత్రికా రచయితలను స్వలింగ ద్వేషులన్నారు. వాళ్లు న్యాయవాదులను పంపితే ప్రభుత్వ టీవీ సంస్థ 85,000 యూరోలు చెల్లించి వదిలించుకుంది. ఫిబ్రవరిలో అబ్బీ థియేటర్‌లో నాటకం ముగిశాక ప్యాంటీ వేదికెక్కి పది నిమిషాలు మాట్లాడింది. రోడ్డు దాటడానికి నిలబడినప్పుడు కూడా తన నడకలో ఏదైనా తనను పట్టిచ్చేస్తుందేమోనని తనను తానే తనిఖీ చేసుకోవడం గురించి. మా ఆఫీసులో వారం పాటు అదే మాట.

2015 జనవరిలో వరాద్కర్, అప్పుడు ఆరోగ్య మంత్రి, రేడియోలో తాను గేనని చెప్పారు. మేలో ఓటుకు వారం ముందు ఉర్సులా హాలిగన్ అనే టీవీ రాజకీయ విలేఖరి, 54 ఏళ్ల కతోలిక స్త్రీ, తాను జీవితమంతా దాచినదాన్ని పత్రికలో రాశారు. ప్రతి స్తంభానికీ పోస్టర్లు. 'వద్దు' వైపు పోస్టర్ల మీద తల్లీ తండ్రీ బిడ్డా, 'ఔను' వైపు వాళ్ల కోటు మీద గుండ్రని బ్యాడ్జీ.

అప్పటి మా ఇంటి యజమానురాలు డెబ్భై దాటిన మనిషి, రోజూ ఉదయం పూజకు వెళ్లేది. చర్చిలో బిషప్పు లేఖ చదివిన ఆదివారం తిరిగి వచ్చి, కోటు విప్పకుండానే కెటిల్ పెట్టి, "ఆయనకు పిల్లలు లేరు కదా, తెలియదు పాపం" అంది. ఆమె భర్త 'వద్దు'కే వేస్తానన్నాడు. ఇద్దరూ ఒకే కారులో పోలింగు కేంద్రానికి వెళ్లి వచ్చారు, దారిలో పాలు కొనుక్కున్నారు. ఎవరెటు వేశారో ఆమె నాకు చివరిదాకా చెప్పలేదు. వాళ్ల మేనల్లుడు మాత్రం ఆ క్రిస్మస్‌కు తన స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇంటికి అలా రావడం అదే మొదలు. భోజనాల దగ్గర ముసలాయన అతనికి బంగాళాదుంపల గిన్నె అందించాడు.

విదేశాల్లో ఉన్న ఐరిష్ పౌరులకు పోస్టల్ ఓటు లేదు. ఇంకా ఓటర్ల జాబితాలో ఉన్న కుర్రకారు విమానాల్లో, పడవల్లో స్వయంగా వచ్చారు. వెళ్లినవాళ్లే, 1980ల్లో వెళ్లినవాళ్ల పిల్లల వయసువాళ్లే, తిరిగి వచ్చి ఓటేసి మళ్లీ వెళ్లారు. 12 లక్షల మంది ఔను, 7 లక్షల 34 వేల మంది వద్దు. 43 నియోజకవర్గాల్లో ఒక్కటే, రాస్‌కామన్–దక్షిణ లీట్రిమ్, 'వద్దు' అంది, అదీ కొద్ది తేడాతో. ఫలితం ప్రకటించింది డబ్లిన్ కోటలో. మాస్టారు చెప్పిన 1884 నాటి కోటే. డబ్లిన్ ఆర్చిబిషప్పు మార్టిన్, చర్చి వాస్తవాన్ని కళ్లు తెరిచి చూసుకోవాలన్నారు. వాటికన్‌లో కార్డినల్ పరోలిన్ దీన్ని మానవాళికి ఓటమి అన్నారు. ఒకే చర్చి, ఒకే వారం.

వానకోయిల (ఆదివారం రాత్రి 8:10)

పెళ్లి వెలుగులో ఒకరు మరుగున పడ్డారు. లిడియా ఫోయ్, పళ్ల డాక్టరు, ట్రాన్స్ మహిళ. జనన ధ్రువపత్రంలో స్త్రీ అని మార్చమని 1993లో అడిగి, 1997లో కోర్టుకు వెళ్లారు. 2002లో ఓడారు. 2007లో ఐర్లండ్ చట్టం ఐరోపా మానవ హక్కుల ఒప్పందానికి విరుద్ధమని హైకోర్టు ప్రకటించింది, ఆ దేశంలో అలాంటి ప్రకటన అదే మొదటిది. అయినా ప్రభుత్వం ఏళ్లు సాగదీసింది. 2015లో వచ్చిన లింగ గుర్తింపు చట్టం మాత్రం సాగదీతకు తగిన ఫలితం: పద్దెనిమిదేళ్లు దాటినవారికి డాక్టరు సర్టిఫికెట్ అక్కరలేదు, సొంత ప్రకటన చాలు. ఒక్క మనిషి, ఇరవై రెండేళ్లు.

మన దగ్గర 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు స్వీయ గుర్తింపును ఒప్పుకుంది, 2019 చట్టం మళ్లీ జిల్లా మేజిస్ట్రేటు సర్టిఫికెట్ పెట్టింది. హిజ్రాలను రిజిస్టరులో ఎక్కించి, వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చే నిజాం కాలపు 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. దాని గురించి ఈ వేదికలో ఒక్క చర్చా జరగలేదు.

ప్లీడరు గుమస్తా (ఆదివారం రాత్రి 9:00)

ఇంకో లంకె చెబుతాను. నోరిస్ కేసు డబ్లిన్‌లో ఆగిపోలేదు. 2009లో ఢిల్లీ హైకోర్టు 377పై ఇచ్చిన తీర్పులో ఆ కేసు ప్రస్తావన ఉంది. 2013లో మన సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసినా, 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 377 కోర తీసింది. పెళ్లి విషయంలో మాత్రం 2023 అక్టోబరులో, అది శాసనసభల పని అంది. ఇక్కడ ఐర్లండ్ దారికి మన దారికి తేడా వస్తుంది.

నల్లమల (ఆదివారం రాత్రి 9:25)

ఆ దారి నాకు నచ్చదు. నా పెళ్లికి పొరుగువాడి ఓటెందుకు? అక్కడి గే పిల్లలు ఆ ఆరు వారాలు ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి "దయచేసి నన్ను మనిషిగా ఒప్పుకోండి" అని అడగాల్సి వచ్చింది. గెలిచారు కాబట్టి పండుగ. ఓడితే? క్రొయేషియా కూడా కతోలిక దేశమే, 2013లో అక్కడ ఇలాగే ఓటు పెట్టి, పెళ్లంటే ఆడా మగా మధ్యనే అని రాజ్యాంగంలో రాసుకున్నారు. 65 శాతం పైగా.

లిఫీ ఒడ్డు (ఆదివారం రాత్రి 9:05, డబ్లిన్ సమయం)

నల్లమల గారు చెప్పింది ఇక్కడి గే మిత్రులు కూడా అంటారు. మా ఆఫీసులో ఒకతను తలుపులు కొట్టడానికి వెళ్లి రోజూ రాత్రి మాట్లాడకుండా ఇంటికి చేరేవాడు. ఒక పెద్దాయన నవ్వుతూ "నాకు మీమీద కోపం లేదు, కానీ వద్దు" అని తలుపు వేసిన సంగతి ఇప్పటికీ చెబుతాడు. అతనే ఇంకో మాట కూడా అంటాడు: కోర్టు ఇచ్చి ఉంటే తన ఊళ్లో ఎవరెటు ఉన్నారో తనకు తెలిసేది కాదని. అతని సొంత ఊరు మేయో జిల్లాలో. అక్కడ ఔను గెలిచింది.

గుణదల కొండ (సోమవారం ఉదయం 6:50)

క్రొయేషియా ఎత్తారు కాబట్టి పోలండ్ కూడా ఎత్తాలి. పాత పటాలు గారి ప్రశ్నను అది తలకిందులు చేస్తుంది. అక్కడ 1932 నుంచే ఇది నేరం కాదు, ఐర్లండ్ కంటే అరవై ఏళ్ల ముందు. అయినా 2019 నుంచి దాదాపు వంద స్థానిక సంస్థలు 'ఎల్జీబీటీ భావజాలం' మాకొద్దని తీర్మానాలు చేశాయి. క్రాకోవ్ ఆర్చిబిషప్పు ఇంద్రధనుస్సు మహమ్మారి అన్నారు. చట్టం ముందే వదిలేసింది, మనుషులు వదల్లేదు. కమ్యూనిస్టు కాలంలో చర్చి అక్కడ ప్రతిఘటనకు ఇల్లు. ఐర్లండులో 1922 తర్వాత చర్చి అధికారానికి ఇల్లు. తేడా అక్కడే ఉందని నా అనుమానం.

పాత పటాలు (సోమవారం ఉదయం 8:15)

దీనికి విడిగా చర్చ కావాలి. సాయంత్రం పోలండ్ పేరుతో తెరుస్తాను, నల్లమల గారు క్రొయేషియాను అక్కడికే తీసుకురండి. వానకోయిల గారు 1919 చట్టం మీద మొదలుపెడితే దాన్ని పైన నిలిపి ఉంచమని నిర్వాహకుణ్ని అడుగుతాను.

నిర్వాహకుడు (సోమవారం ఉదయం 8:40)

నిలిపి ఉంచుతాను.